ఫించ్ పిట్టలకు గింజల గిన్నె, నీళ్ల గొట్టం: ఏవి తీసుకోవాలి?

తోటపాలెం_పిట్టలు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా పాప పోరు పడలేక పోయిన నెలలో రెండు జతల జీబ్రా ఫించ్‌లు తెచ్చాం. పంజరం మూడడుగుల పొడవు, వసారాలో గోడ వారగా పెట్టాం. పంజరంతో పాటే షాపతను ఊచలకు తగిలించే రెండు చిన్న ప్లాస్టిక్ కప్పులు ఇచ్చాడు. ఒకటి గింజలకి, ఒకటి నీళ్లకి. నీళ్లు పోసిన కాసేపటికే నాలుగూ అందులో దిగి స్నానాలు చేస్తాయి, మళ్లీ ఆ నీళ్లే తాగుతాయి. గింజలు తినేవి కొన్ని, కింద పోసేవి కొన్ని. పొద్దస్తమానం నా చేతిలో చీపురే.

మేమిద్దరం ఉద్యోగస్తులం. అప్పుడప్పుడు శని, ఆదివారాలు పాలకొండలో మా అత్తగారింటికి వెళ్తుంటాం. అందుకని ఆన్‌లైన్‌లో అర కిలో గింజలు పట్టే పొడుగు గొట్టం ఫీడర్ ఒకటి చూశాను. ఒకసారి నింపితే మళ్లీ చూసుకోనక్కర్లేదని రాశారు. నీళ్లకేమో కుందేళ్లకు పెట్టే సీసా, స్టీలు గొట్టం చివర చిన్న బాల్ ఉంటుంది కదా, అది. రెండూ కార్ట్‌లో పెట్టాను. కొనేయమంటారా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

కొనే ముందు ఒక పని చెయ్యండమ్మా. ఈ సాయంత్రం గింజల కప్పు బయటికి తీసి, వాకిట్లో నిలబడి మెల్లగా ఊదండి. ఎంత ఎగిరిపోతుందో, అడుగున ఎన్ని గింజలు మిగులుతాయో చూడండి.

ఫించ్ గింజని అలాగే మింగదు. ముక్కులో అటూ ఇటూ తిప్పి, చిట్లించి, లోపలి పప్పు తిని పొట్టు అక్కడే వదిలేస్తుంది. అది మళ్లీ కప్పులోనే పడుతుంది. అందుకే పొద్దున కొర్రలు పోసిన కప్పు సాయంత్రానికీ నిండుగానే కనిపిస్తుంది. రంగు కూడా ఇంచుమించు అదే. పైన ఉన్నదంతా ఉత్త పొట్టు. కొత్తగా పెంచేవాళ్లు పిట్ట చనిపోయిందని చెప్తే నేను మొదట అడిగేది ఇదే, గిన్నె ఊది చూశారా అని. "గిన్నె నిండా మేత ఉందండీ, అయినా పోయింది" అంటారు. పది, పన్నెండు గ్రాముల ప్రాణి అది. ఒంట్లో నిల్వ అనేది దాదాపు ఉండదు. పూట పస్తుంటే నీరసిస్తుంది, రోజంతా మేత అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక అర కిలో గొట్టం సంగతి. ఒక్కో పిట్ట రోజుకి తినేది సుమారు ఒక టీస్పూను. నాలుగు పిట్టలకి అర కిలో అంటే మూడు వారాలకు పైనే వస్తుంది. మన వైపు తేమకి అన్నాళ్లు గొట్టంలో మగ్గిన గింజ ముక్క వాసన కొడుతుంది, పురుగు పడుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, కింది పళ్లెంలో పొట్టు పేరుకుని గొట్టం నోరు మూసుకుపోవడం. వానాకాలం గింజలు చెమర్చి ఒకదానికొకటి అంటుకున్నా అంతే. గొట్టం నిండా గింజలు కళ్లెదురుగా ఉంటాయి, కిందికి ఒక్కటీ జారదు. నాలుగు పిట్టలూ దాని ముందే ఆకలితో కూర్చుంటాయి.

వెడల్పుగా, రెండు వేళ్ల లోతుకి మించని గిన్నె తీసుకోండి. అందులో ఏముందో చూడగానే తెలుస్తుంది.

చోళ్ల_అంబలి (పార్వతీపురం)

గట్టు అన్నా, గొట్టం ఫీడర్‌ని మరీ అంత తీసిపారేయకండి. నేను చాలాకాలంగా అవే వాడుతున్నాను, బాగానే నడుస్తోంది. తెరిచి ఉన్న గిన్నెలో పిట్టలు ఎక్కి కూర్చుంటాయి, గింజల మీదే రెట్ట వేస్తాయి. గొట్టంలో ఆ బాధ లేదు. కాకపోతే నేను రెండు, మూడు రోజుల మేతకి మించి పోయను. పోసే ముందు జల్లెడ పట్టి దుమ్ము తీసేస్తాను. పొద్దున లేవగానే పళ్లెంలో పొట్టు దులిపి, గొట్టాన్ని వేలితో తట్టి, గింజ జారుతోందా లేదా చూస్తాను.

తోటపాలెం అక్కా, గింజలు కింద పోస్తున్నాయన్నారు. దానికి గిన్నెని మార్చే ముందు మేత మార్చి చూడండి. షాపు మిక్స్‌లో వాటికి నచ్చనివి ఉంటే నచ్చినదాని కోసం మిగతావన్నీ ముక్కుతో ఎగజిమ్ముతాయి. మా ఇంట్లో గంటెలు (సజ్జలు) ముట్టవు. కొర్రలు, సామలు సగం సగం, కొంచెం చోళ్లు (రాగులు) కలిపి పెడితే కింద పడేది బాగా తగ్గింది. ఏజెన్సీ సంతల్లో ఇవన్నీ దొరుకుతాయి. పొట్టు తీయనివే అడగండి. ఇప్పుడు కిరాణా షాపుల్లో కొర్రలంటే కొర్ర బియ్యం చేతిలో పెడుతున్నారు. అవి మనం వండుకునేవి, త్వరగా మెత్తబడిపోతాయి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

రోజూ పొద్దున తట్టి చూసేవాడికి గొట్టమైనా గిన్నైనా ఒకటే తమ్ముడూ. నాకు భయం ఏమిటంటే, రోజూ చూడనక్కర్లేదు అన్న మాట నమ్మి కొనేవాళ్ల గురించి. ఆ మాటే పిట్టల ప్రాణం తీస్తోంది.

రామతీర్థం_మాస్టారు (విజయనగరం జిల్లా)

నేను నీళ్ల సంగతి చెప్తాను.

బాల్ సీసా కుందేలుకి, ఎలుకకి బాగుంటుంది. అవి నాలుకతో నాకి తాగుతాయి. జీబ్రా ఫించ్ తాగే తీరు వేరు. ముక్కు నీళ్లలో ముంచి, గుక్కగుక్కకీ తల పైకెత్తకుండా పీల్చి తాగగలదు. ఆస్ట్రేలియా ఎండు ప్రాంతాల్లో బతికే పిట్ట కదా, దొరికిన నీటిచెలమ దగ్గర గబగబా తాగి ఎగిరిపోవాలి. అలాంటి పిట్టకి ముక్కు మునిగేంత నీళ్లు కంటికి కనపడాలి. బాల్‌ని పొడిస్తే చుక్క వస్తుందని కొన్ని నేర్చుకుంటాయి, కొన్ని నేర్చుకోవు. నేర్చుకోనిది ఏదో తెలిసేలోపు వేసవిలో దాహంతో పోతుంది. పైగా బోరు నీళ్లు పోసేవాళ్లకి ఇంకో చిక్కు. నీళ్లలోని సున్నం బాల్ చుట్టూ తెల్లగా పేరుకుని అది బిగుసుకుపోతుంది. సీసా నిండా నీళ్లుంటాయి, చుక్క రాదు. ఆ సీసా మీద నాకు నమ్మకం లేదు. కార్ట్‌లోంచి తీసేయండమ్మా.

మీకు పనికొచ్చేది ఫౌంటెన్ రకం నీళ్ల గొట్టం. గొట్టం ఊచల బయట నిలువుగా ఉంటుంది, కిందనున్న చిన్న మూతి మాత్రం పంజరం లోపలికి వస్తుంది. అందులో ముక్కు పడుతుంది, ఒళ్లు పట్టదు. కాబట్టి స్నానాలు చెయ్యలేవు, తాగే నీళ్లు శుభ్రంగా ఉంటాయి. అది పనిచేసే తీరు తెలిస్తే దాని తగాదాలు కూడా తెలుస్తాయి. గొట్టం పైభాగంలో గాలి చొరబడే దారి లేదు, అందుకని బయటి గాలి ఒత్తిడి నీళ్లని లోపలే నిలబెడుతుంది. మూతిలో మట్టం తగ్గి ఒక బుడగ పైకి వెళ్లినప్పుడే ఇంకొంచెం నీళ్లు దిగుతాయి. గొట్టానికి సన్నని పగులు వచ్చినా, మూత సరిగ్గా బిగియకపోయినా నీళ్లన్నీ కారిపోతాయి. సగం ఖాళీ అయిన గొట్టానికి ఎండ తగిలితే పైనున్న గాలి వేడెక్కి వ్యాకోచించి నీళ్లని బయటికి తోసేస్తుంది. మధ్యాహ్నానికి గొట్టం ఖాళీ, కింద తడి. చాలామంది పిట్టలే ఒలకబోశాయనుకుంటారు. కాబట్టి నీడలో పెట్టండి, ఎప్పుడూ నిండుగా నింపండి.

కొత్త గొట్టాన్ని తేగానే పంజరానికి పెట్టొద్దు. నీళ్లు నింపి, మట్టం దగ్గర పెన్నుతో గీత గీసి, రాత్రంతా వంటగదిలో ఎక్కడైనా తగిలించండి. పొద్దున్నకి గీత దగ్గరే ఉంటే అది మంచి గొట్టం.

స్నానానికి వేరే మూకుడు పెట్టండి. బొటనవేలి గోరు మునిగేంత నీళ్లు చాలు. ఉదయం ఒక గంట ఉంచి తీసేయండి. అది దొరుకుతుందని తెలిస్తే తాగే నీళ్ల జోలికి రావు.

తోటపాలెం_పిట్టలు (విజయనగరం)

మాస్టారూ, గట్టు గారూ, చాలా థాంక్స్. గిన్నె ఊది చూశాను. నిజంగానే ముప్పాతిక భాగం ఎగిరిపోయింది. అడుగున అర చెంచా గింజలు కూడా లేవు. రేపు పొద్దున వేద్దాం, ఇంకా ఉన్నాయిలే అనుకుంటున్న కప్పు అది. చూసి టెన్షన్ వచ్చింది. వెంటనే కొత్తవి పోస్తే నాలుగూ ఒక్కసారే వచ్చి వాలాయి.

ఎక్కడ తగిలించాలో కూడా చెప్పండి. ఇప్పుడు రెండు కప్పులూ ఒకే మూల పక్కపక్కనే ఉన్నాయి. గింజల మీద మూతలా పైకప్పు ఉన్న ఫీడర్లు మంచివా?

బొబ్బిలి_వీణ (బొబ్బిలి)

చెల్లీ, నా దగ్గర బెంగాలీస్ ఫించ్‌లు, గోల్డియన్ ఫించ్‌లు ఉన్నాయి. చోటు గురించి నేను చెప్తాను.

పుల్లల కింద ఏదీ పెట్టకూడదు. పిట్ట ఎక్కడ కూర్చుంటే దాని కింద రెట్ట పడుతుంది, అది గింజల్లోనో నీళ్లలోనో పడితే జబ్బులన్నీ అక్కడే మొదలవుతాయి. పంజరం ముందు కాసేపు కూర్చుని అవి ఎక్కువసేపు ఏ పుల్ల మీద ఉంటున్నాయో చూడండి. గిన్నెలు అక్కడికి దూరంగా, పుల్ల ఎత్తులోనే, పక్కగా ఉండాలి. నీళ్లని గింజల పక్కన పెట్టొద్దు. పొట్టు ఎగిరి నీళ్లలో పడి నానుతుంది, మన ఎండలకి సాయంత్రానికి పులిసిపోతుంది.

మీకు రెండు జతలున్నాయి కాబట్టి గింజల గిన్నెలు రెండు ఉండి తీరాలి, పంజరానికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. గుంపులో ఏదో ఒక పిట్ట పెత్తనం చేస్తుంది. గిన్నె మీద కూర్చుని మిగతావాటిని రానివ్వదు. మనం చూసేటప్పుడు అన్నీ తింటున్నట్టే ఉంటుంది. ఒకటి మాత్రం ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంటుంది. నీళ్లకీ ఇదే లెక్క, రెండు గొట్టాలు. ఒకటి మొరాయించినా రెండోది ఉంటుంది.

పైకప్పు ఉన్న ఫీడర్ మంచిదే, గింజలు చిందడం తగ్గుతుంది. కానీ లోపల చీకటిగా ఉంటే కొత్త పిట్టలు తల పెట్టడానికి భయపడతాయి. పారదర్శకమైన పైకప్పు ఉన్నదే తీసుకోండి. లోపలికి దూరితే తిరిగి బయటికి రాగలదా లేదా మీ వేళ్లు పెట్టి చూడండి. ఏ కొత్తది పెట్టినా పాతది వెంటనే తీసేయకండి. నాలుగు పిట్టలూ కొత్తదాంట్లో తినడం మీ కళ్లతో చూశాకే పాతది తీయండి. ఒకటి తింటే అన్నీ తింటున్నాయని అనుకోవద్దు.

రకం సంగతికొస్తే, గింజలకి నేను స్టీలు కప్పులే వాడతాను. గీతలు పడవు, వేడినీళ్లు పోసి తోమొచ్చు. జింకు పూత పూసిన రేకు డబ్బాలు, రంగు ఊడే గిన్నెలు వద్దు. పూత పొడుచుకుని తింటే జింకు, సీసం ఒంట్లోకి వెళ్లి పిట్ట చనిపోతుంది. మట్టి మూకుడు స్నానానికి పరవాలేదు కానీ గింజలకి వద్దు, చెమ్మ పీలుస్తుంది.

కోట_జంక్షన్_కుర్రాడు (విజయనగరం)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఊళ్లో ఒకాయన పొలాల్లో పట్టిన ఎర్ర మునియాలు తక్కువ రేటుకి ఇస్తానంటున్నాడు. అవీ ఫించ్‌ల లాంటివే కదా, ఈ గిన్నెలే సరిపోతాయా?

రామతీర్థం_మాస్టారు (విజయనగరం జిల్లా)

బాబూ, వాటిని కొనొద్దు. మన దేశపు అడవి పిట్టలని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మునియాలు, రామచిలుకలు అన్నీ అందులోకే వస్తాయి. పొలంలో తిరిగిన పిట్ట పంజరంలో ఇమడదు కూడా. పెంచాలనుంటే పంజరాల్లోనే పుట్టి పెరిగిన జీబ్రా, బెంగాలీస్ తీసుకో.

కళింగపట్నం_అలలు (శ్రీకాకుళం జిల్లా)

చీమల గురించి ఎవరూ చెప్పలేదే. మా వైపు అసలు తలనొప్పి అదే. గింజల్లో చేరితే పిట్టలు గిన్నె దగ్గరికే రావు. ఎర్ర చీమలైతే గూటిలో పిల్లల్ని కూడా కుట్టి చంపుతాయి.

పంజరం స్టాండు మీద ఉంటే నాలుగు కాళ్లకీ కింద నీళ్ల పళ్లాలు పెట్టండి. పంచదార డబ్బా కింద మన అమ్మలు పెట్టే ఉపాయమే. పంజరం గోడకి తగలకూడదు, తగిలిందంటే చీమకి అదే వంతెన. వేలాడదీసిన పంజరమైతే పైన కొక్కేనికి కొంచెం వేజలిన్ రాయండి, పిట్టలకి అందనంత ఎత్తులో. చీమల చాక్‌పీస్ మాత్రం పంజరం దరిదాపుల్లోకి రానివ్వొద్దు. స్ప్రేలు కూడా వద్దు. పురుగుల మందు ఏదైనా ఇంత చిన్న పిట్టకి విషమే.

కింద రాలిన గింజలకి రాత్రిపూట ఎలుకలు వస్తాయి. ఎలుకల వెనక పాము వచ్చే ఊళ్లు మనవి. పంజరం అడుగు ట్రేని పడుకునే ముందే ఖాళీ చేసేయండి. ఆ రాలిన దాన్ని చేటలో చెరిగితే మంచి గింజలు కొన్ని తేలతాయి. రెట్ట తగిలినవి ఉంటాయి కాబట్టి వాటిని మళ్లీ గిన్నెలో పోయకండి, బయటి పిచ్చుకలకి కూడా వేయకండి.

గిన్నెతో పాటు సముద్రపు నురగ (కటిల్‌బోన్, అంటే కటిల్ చేప ఒంట్లోని తెల్లటి గుల్ల) ముక్క ఒకటి ఊచలకి కట్టండి. మాకు ఇక్కడ బీచ్‌లో ఒడ్డుకి కొట్టుకొచ్చినవి దొరుకుతాయి. కొన్నాళ్లపాటు నీళ్లు మార్చుతూ నానబెట్టి, ఉడికించి, ఎండలో బాగా ఆరబెడితే ఉప్పు పోతుంది. గుడ్లు పెట్టే ఆడపిట్టలకి దాంట్లోని కాల్షియం చాలా అవసరం.

తోటపాలెం_పిట్టలు (విజయనగరం)

అమ్మో, నా దగ్గర చాక్‌పీస్ ఉంది. ఇవాళ పంజరం చుట్టూ గీద్దామనుకుంటున్నాను! పక్కన పారేశాను. నీళ్ల పళ్లాలు పెడతాను.

ఇంకో ప్రశ్న. ఒక జత కొబ్బరిపీచు పీక్కుపోయి గూడు కడుతోంది. పిల్లలు పుడితే ఈ గిన్నెల్లో ఏమైనా మార్చాలా?

బొబ్బిలి_వీణ (బొబ్బిలి)

మార్చాలి చెల్లీ. గుడ్లు రెండు వారాలలోపు పొదుగుతాయి, పిల్లలు ఇంకో మూడు వారాలకి గూడు దిగుతాయి. దిగిన కొత్తలో సరిగ్గా ఎగరలేవు, పైన గిన్నెలు వాటికి అందవు. అడుగున ఒక మూల, పుల్లలు పైన లేని చోట, లోతు లేని పళ్లెంలో గింజలు పెట్టండి. అమ్మానాన్నలు అక్కడ తింటుంటే చూసి నేర్చుకుంటాయి. ఆ రోజుల్లో స్నానం మూకుట్లో నాలుగు గులకరాళ్లు వేయండి. అంగుళం నీళ్లు చాలు పిల్లపిట్ట మునిగిపోవడానికి.

మేతగా ఉడికించిన కోడిగుడ్డు పెడితే దానికి వేరే చిన్న కప్పు ఉండాలి. గింజల గిన్నెలో కలపొద్దు. మన వేడికి గంట, రెండు గంటల్లో తీసేయాలి.

పలాస_జీడితోట (పలాస)

వాన, గాలి రోజుల గురించి నేను రాస్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా మీదుగా పోయినప్పుడు చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు ఆడక నీళ్లకి కటకటలాడాం. అప్పటి నుంచి మా ఇంట్లో తుఫాను హెచ్చరిక రాగానే మాకు నీళ్లు పట్టేటప్పుడే పిట్టలకి కూడా రెండు సీసాలు పట్టి మూత పెడతాం. గింజలు గాలి చొరని స్టీలు డబ్బాలో వేస్తాం.

మాస్టారు చెప్పిన ఫౌంటెన్ గొట్టం గురించి ఒక చిన్న మాట. గాలికి పంజరం ఊగితే ప్రతి ఊపుకీ మూతిలోంచి నీళ్లు తొణికి, గాలి లోపలికెళ్లి, గొట్టం ఖాళీ అయిపోతుంది. అలాంటి రోజుల్లో పంజరం లోపలికి తెచ్చి నేల మీద కదలకుండా పెట్టాలి. కారులో తీసుకెళ్లేటప్పుడూ అంతే. ప్రయాణంలో గొట్టం తీసేసి, కప్పులో తడిపిన దోసకాయ ముక్క పెట్టండి. ఆగిన చోట నీళ్లు చూపించండి.

తోటపాలెం_పిట్టలు (విజయనగరం)

ఇక అసలు ప్రశ్న మిగిలింది. శనివారం పొద్దున వెళ్లి ఆదివారం రాత్రికి వస్తాం. అప్పుడెలా?

చోళ్ల_అంబలి (పార్వతీపురం)

అక్కా, ఇక్కడ నా గొట్టం ఫీడర్‌కి కాస్త చోటివ్వండి. రెండు గిన్నెల్లో మామూలు కంటే ఎక్కువ గింజలు, అదనంగా చిన్న గొట్టం ఒకటి, రెండు నీళ్ల గొట్టాలు. ఏ ఒక్కదాని మీదా ఆధారపడకుండా ఉంటాయి. పెద్దది కాకుండా వంద గ్రాములు పట్టేది తీసుకోండి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

తమ్ముడు చెప్పింది బాగుంది, ఒప్పుకుంటాను. రెండు షరతులు. ఒకటి, మీరు ఇంట్లో ఉన్న ఒక శని, ఆదివారం అచ్చం ఊరెళ్లినట్టే అన్నీ పెట్టి, చెయ్యి పెట్టకుండా చూడండి. ఆదివారం సాయంత్రం ఏ గిన్నెలో ఏం మిగిలిందో, ఏ గొట్టంలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో తెలుస్తుంది. రెండు, ఎంత బాగా ఉన్నా ఆదివారం పొద్దున ఒక మనిషి వచ్చి చూడాలి. పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి, గిన్నె ఎలా ఊదాలో దగ్గరుండి చూపించి వెళ్లండి. "మేత ఉందా?" అని ఫోన్లో అడిగితే చాలదు, ఉందనే చెప్తారు. ఊదాక ఫోటో తీసి పంపమనండి.

ఏప్రిల్, మే నెలల్లో అయితే రోజుకి రెండుసార్లు చూసే మనిషి లేకుండా వెళ్లకండి.

తోటపాలెం_పిట్టలు (విజయనగరం)

అలాగే చేస్తాను గట్టు గారూ. మా ఎదురింటి పిన్నిగారు పదవీ విరమణ చేసి ఇంట్లోనే ఉంటారు, పిట్టలంటే ఇష్టం. ఆవిణ్ణి అడిగాను, ఒప్పుకున్నారు. పెద్ద గొట్టం, బాల్ సీసా రెండూ కార్ట్‌లోంచి తీసేశాను. రెండు స్టీలు కప్పులు, పారదర్శకంగా ఉండే రెండు ఫౌంటెన్ గొట్టాలు, వంద గ్రాముల ఫీడర్ ఒకటి ఆర్డర్ చేశాను. గొట్టాలు లోపల కడగడం ఎలా మాస్టారూ? నా వేలు పట్టదు.

రామతీర్థం_మాస్టారు (విజయనగరం జిల్లా)

పాలసీసాలు కడిగే బ్రష్‌లో సన్నది దొరుకుతుంది, మందుల షాపులో అడగండి. మూతికి వాడేసిన టూత్‌బ్రష్ సరిపోతుంది. నీళ్లు రోజూ మార్చాలి, వేసవిలో పూటకొకసారి. మార్చిన ప్రతిసారీ గొట్టం లోపలి గోడని బ్రష్‌తో ముట్టి చూడండి. జారుగా, జిగురుగా తగిలితే అది సూక్ష్మజీవుల పొర. పైకి నీళ్లు తేటగా కనిపిస్తున్నా ఆ పొర ఉంటుంది, రుద్దితేనే పోతుంది, తొలిపితే పోదు.

వారానికొకసారి వేడినీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి అరగంట నానబెట్టండి, సున్నం, నాచు వదులుతాయి. పిట్టకి విరేచనాలైనా, కొత్త పిట్టని తెచ్చినా బ్లీచ్ వాడొచ్చు. ఒక పాలు బ్లీచ్‌కి ముప్పై పాళ్ల నీళ్లు. వెనిగర్, బ్లీచ్ ఒకేసారి కలపొద్దు, విషవాయువు వస్తుంది. తర్వాత వాసన పోయేదాకా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరే టైమ్ కావాలి కాబట్టే గొట్టాలు నాలుగు ఉంటే సుఖం, రెండు పంజరానికి, రెండు ఎండలో. ఆర్డర్ ఇంకా బయల్దేరకపోతే మరో రెండు కలిపేయండి.

విటమిన్ చుక్కలు నీళ్లలో కలిపే రోజున మాత్రం గొట్టం నింపొద్దు. సగం చాలు, నీడలోనే ఉంచి, మధ్యాహ్నానికి పారబోసి మంచినీళ్లు పెట్టండి.

తోటపాలెం_పిట్టలు (విజయనగరం)

ఆర్డర్ ఇంకా కదల్లేదు మాస్టారూ, ఇప్పుడే రెండు కలిపాను. రాగానే పెన్నుతో గీత గీసి, పొద్దున్నకి ఏవి నిలిచాయో ఇక్కడే రాస్తాను.